జున్ను పట్టిన సేమ్యాలు

బాన్సువాడలో ఆ వారం జనం నోట రెండే సంగతులు. ఒకటి, డెయిరీలో కొత్తగా కట్టిన నీళ్ల ప్లాంటు గురువారం మొదలవుతుందని. రెండోది, ఆ సందర్భంగా డెయిరీ సేటు గోపీచంద్ ఊరందరికీ మటన్ దావత్ ఇస్తున్నాడని. మొదటిది నిజం. రెండోదాని సంగతి గోపీచంద్‌కే తెలియదు. ఆ పుకారు ఎలా పుట్టిందో తెలియాలంటే ముందు హరిచందన గురించి తెలియాలి, ఎందుకంటే దానికి తల్లీ తండ్రీ మంత్రసానీ అన్నీ ఆ పిల్లే.

హరిచందనది బీర్కూర్ దారిలో కాలువ పక్కన వలస వచ్చిన రైతులుండే క్యాంపు. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద పొలాలు చేసుకున్న కుటుంబం. ఆ ఇంట్లో ఎవరు నీళ్ల గురించి మాట్లాడినా అవి వరికి పెట్టే నీళ్లే. చందన మాత్రం పట్టుబట్టి మురికినీళ్లను మంచినీళ్లు చేసే చదువు చదివింది. పిల్ల ఏం చదివిందని చుట్టాలు అడిగితే తల్లి నాగేంద్రమ్మ "ఇంజనీరింగండీ" అని అక్కడితో ఆపి, మిగతా సగం కాఫీతో పాటు మింగేసేది.

చదువయ్యాక చందన గోపీచంద్ డెయిరీలో చేరింది. ఆయన ఆమెకు బాబాయి వరస. మంచివాడే, కాకపోతే తన నీడ కాస్త పొడుగ్గా పడినా ఉలిక్కిపడే రకం. ఆయన్ని ఈ లోకంలో అందరికన్నా ఎక్కువ భయపెట్టేది పూలమ్మ.

పూలమ్మ పొలం డెయిరీ గోడకు అవతల. డెయిరీలో క్యాన్లు కడిగిన నీళ్లు, ట్యాంకులు కడిగిన నీళ్లు ఇన్నాళ్లూ గోడ కింది మోరీలోంచి బయటికి పోయి, పూలమ్మ బావి పక్కన నిలిచి, మెల్లగా ఆ బావిలోకే దిగాయి. బావి పులిసిన మజ్జిగ వాసన కొట్టడం మొదలుపెట్టింది. అప్పట్నుంచి పూలమ్మ రోజూ పొద్దున్నే ఖాళీ బిందె నడుముకు పెట్టుకుని డెయిరీ గేటు దగ్గరికి వచ్చేది. "నా బాయి ఖరాబ్ చేసిండ్రు. నీళ్లు మీరే పొయ్యాలె" అని డెయిరీ బోరు దగ్గర బిందె నింపుకుని, నిండేదాకా గోపీచంద్ వంశాన్ని పేరుపేరునా తలుచుకునేది. ఆ కాసేపూ ఆయన పాలు చల్లబరిచే ట్యాంకు వెనకాల నిలబడి ఫోన్‌లో ఏదో చూస్తున్నట్టు నటించేవాడు.

చందన చేరిన నెలకే ఈ బాగోతం చూసి, బాబాయి ప్రాణం తోడేసి, మురికినీళ్లను వడకట్టే మెంబ్రేన్ ప్లాంటు కట్టించింది. కట్టించి ఊరుకుంటే ఒక తీరు. అది పూర్తయిన రోజు గేటు దగ్గర అందరూ వింటుండగా, "గురువారం ఈ ప్లాంటులోంచి వచ్చే నీళ్లు గ్లాసుతో పట్టి నీ ముందే తాగుతాను అవ్వా" అని పూలమ్మకు మాటిచ్చేసింది.

"తాగు" అంది పూలమ్మ. "వాసన లేకుంటే మంచిదే. వాసనొచ్చిందా, గీ గేటుకు తాళం ఏస్త. గీడ నుంచి ఒక్క పాల బండి కదలదు." అని కొంగు ముడి విప్పి తాళంకప్ప చూపించింది. కొత్తది. ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు.

గేటుకు తాళం పడితే ఏమవుతుందో చందనకు తెలుసు. కానీ నిజం చెప్పాలంటే ఆమె మనసులో గుచ్చుకుంటున్నది ఆ తాళం కాదు, జున్నుపాలు. పూలమ్మ బర్రె ఆ వారమే ఈనింది. ఈనిన ఇంటివాళ్లు మొదటి రోజుల పాలు అమ్మరు, ఇరుగుపొరుగుకు పంచుతారు. పూలమ్మ వాడకట్టంతా పంచింది. గిన్నె పట్టుకుని డెయిరీ గేటు ముందు నుంచే మూడిళ్లకు వెళ్లింది గానీ గేటు వైపు తల తిప్పలేదు. జున్నంటే చెవి కోసుకునే చందన నవ్వుతూ, "నాకు లేదా అవ్వా?" అని అడిగేసింది.

"జున్నుపాలు మనోళ్లకిస్తరు బిడ్డా" అంది పూలమ్మ ఆగకుండానే. కోపంగా కూడా అనలేదు. చందనకు ఆ మాట రెండు రోజులు అన్నం సయించనివ్వలేదు. ఈ ఊళ్లోనే పుట్టింది, ఈ కాలువ నీళ్లే తాగి పెరిగింది. అయినా మనోళ్లు కాదట.

సరే, ప్లాంటు దగ్గరికొద్దాం. మురికినీళ్లు ముందు ఒక తొట్టిలోకి వస్తాయి. అందులో కంటికి కనపడని సూక్ష్మజీవులు కోట్ల కొద్దీ ఉండి పాల మురికిని తినేస్తుంటాయి. ఆ పక్క తొట్టిలో మెంబ్రేన్లు వేలాడుతుంటాయి. చూడ్డానికి అచ్చం సేమ్యాల కట్టలే. ఒక్కో సేమ్యా లోపల బోలుగా, ఒంటి నిండా సన్నాతిసన్నని రంధ్రాలతో ఉంటుంది. పంపు లోపలి నుంచి పీలిస్తే నీళ్లు మాత్రం లోపలికొస్తాయి, మిగతావన్నీ బయటే ఉండిపోతాయి. ఆ రంధ్రాలు మూసుకుపోయాయా, అంతే సంగతులు.

ఇదంతా చందన హన్మంతుకు ఓపిగ్గా వివరించింది. హన్మంతు గేటు దగ్గర రైతుల పాలు కొలిచి తీసుకునే మనిషి. పెద్ద మీసం, అంతకన్నా పెద్ద మనసు. ప్లాంటు చూసుకునే పని కూడా ఆయనకే అప్పగించారు. సూక్ష్మజీవులంటే ఆయన మొదట జంకాడు. పురుగులుండే నీళ్ల దగ్గరికి పోనన్నాడు. అప్పుడు చందన, "పురుగులు కాదు హన్మంతన్నా. చంటిపిల్లల్లాంటివి. ఇప్పుడిప్పుడే పుట్టాయి. వేళకు తిండి పడాలి, గాలి ఆడాలి, మనం కనిపెట్టుకుని ఉండాలి" అని నచ్చజెప్పింది.

ఆ మాట హన్మంతు గుండెల్లో దిగిపోయింది. ఆ రోజు నుంచి పొద్దున రాగానే తొట్టి మీదికి వంగి, "ఏమ్రా, మంచిగున్నరా?" అని పలకరించడం మొదలుపెట్టాడు. చందన చూసి మురిసిపోయింది. అంత శ్రద్ధ ఉన్న మనిషి దొరకడం తన అదృష్టం అనుకుంది. ఆ అదృష్టం ఏం చేస్తోందో మంగళవారం దాకా తెలియలేదు.

మంగళవారం పొద్దున ప్లాంటు నడిపి చూస్తే, పంపు రొప్పుతోంది, పైపులోంచి మాత్రం దారం లాంటి ధార. పీడనం చూపే ముల్లు ఎర్రగీత దాటి అవతల వాలిపోయి ఉంది. మెంబ్రేన్ల కట్టను పైకి లాగి చూస్తే సేమ్యాల నిండా తెల్లటి జిగురు.

 చందన చదువుకున్న పిల్ల కదా, వెంటనే బుర్ర పరిగెత్తించింది. ఆ పరుగులో కాస్త తడబడింది కూడా. డెయిరీ అంటే వెన్న, వెన్న పట్టిన గిన్నె వేడినీళ్లతో తోమితే శుభ్రపడుతుంది కాబట్టి ఇదీ అంతే అనుకుంది. కంపెనీ వాళ్లిచ్చిన పుస్తకంలో గోరువెచ్చని నీళ్లని రాసి ఉంది. గోరువెచ్చనివే పనిచేస్తే పొగలు కక్కేవి ఇంకా బాగా పనిచేస్తాయని ఆమె లెక్క.

"హన్మంతన్నా, బాయిలర్ నీళ్లు పట్రా!"

పొగలు కక్కే నీళ్లలో కట్టల్ని ముంచి, బాగా నాననిచ్చి, మళ్లీ పంపు వేశారు. ఇంతకుముందు దారమైనా వచ్చేది. ఇప్పుడు చుక్క లేదు. తెల్లటి జిగురు గట్టిపడి సేమ్యాలన్నిటినీ ఒక్క ముద్దగా పట్టేసింది. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి వెళ్లి మళ్లీ పైకి లేస్తోంది.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లిన చందన అన్నం ముందు కూర్చుందే గానీ ముద్ద ఎత్తలేదు. కూతురు ముఖం చూసి నాగేంద్రమ్మ లోపలికి వెళ్లి ఒక గిన్నె తెచ్చి ముందు పెట్టింది.

"మీ నాన్న ఎవరింటి నుంచో పాలు తెచ్చారు. బెల్లం, మిరియాలు, ఏలకులు వేసి చేశాను. తిను. తిన్నాక ఏడువు."

జున్ను. పైన బెల్లం రంగు, కింద వణికే తెలుపు. చందన స్పూను ఎత్తబోయి ఆగి, వేలితో నొక్కింది. మెత్తగా లోపలికి వెళ్లి మళ్లీ పైకి లేచింది. ఇంకోసారి నొక్కింది.

"తినే వస్తువుని అలా పొడుస్తావేంటే?" అంది నాగేంద్రమ్మ.

"అమ్మా, మామూలు పాలు కాస్తే గట్టిపడతాయా?"

"విరిగితే తప్ప ఎందుకు గట్టిపడతాయి? జున్నుపాలయితేనే తోడు లేకుండా గట్టిపడేది. ఈ మాత్రం తెలియకుండానే డెయిరీలో ఉద్యోగం చేస్తున్నావా?"

చందనకు తెలుసు. జున్నుపాల నిండా ప్రొటీన్. వేడి తగిలితే ఆ ప్రొటీన్ ముద్దకడుతుంది. అది తెలిసిన తనే ఆ సేమ్యాల మీద పొగలు కక్కే నీళ్లు పోసి, అమ్మ పొయ్యి మీద చేసే పనినే తొట్టిలో చేసింది. మెంబ్రేన్లను కడగలేదు, వండింది. ఇక తేలాల్సింది ఒక్కటే. కొత్తగా ఈనిన బర్రె పాలు డెయిరీ కొననే కొనదు కదా, ప్లాంటులోకి జున్నుపాలు ఎలా వచ్చాయి?

గిన్నె చేతిలోనే ఉంది. మూత పెట్టి, స్కూటీ ముందు బుట్టలో పెట్టుకుని బయటికి దూసుకుపోయింది. "స్పూనైనా తీసుకెళ్లవే!" అన్న తల్లి కేక వెనకాల ఉండిపోయింది.

ప్లాంటు దగ్గర హన్మంతు దిగులుగా తొట్టి గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"హన్మంతన్నా, నిజం చెప్పు. ఇందులో జున్నుపాలు పోశావా?"

ఆయన ముఖం వెలిగిపోయింది. ఇన్ని రోజులకు తన సేవ గుర్తించే మనిషి దొరికినట్టు లేచి నిలబడ్డాడు. "పోసిన మేడం! రోజు పోసిన! గిప్పుడు ఊళ్ల బర్లన్నీ ఈనుతున్నయి గదా. పాలు కొలిచెటోన్నని అందరు నాకే తెస్తుండ్రు. ఇంటికి తీస్కపోతె మా ఆమె తలుపు తీస్తలేదు, జున్ను తిని తిని పిల్లల నోర్లు అంటుకున్నయంటది. పాలు పారబోసుడు పాపం. మీరే అన్నరు గదా, లోపల సంటి పిల్లలున్నరని. సంటి పిల్లలకు ముర్రుపాలు గాక ఇంకేం పోస్తరు మేడం?"

"తొట్టి నిండా తిండి ఉంది కదా అన్నా వాటికి!"

"క్యాన్లు కడిగిన ఎంగిలినీళ్లు అదేం తిండి? అందుకే గా పెద్ద తొట్టిల గాకుండ, ఇగో, సేమ్యాల దగ్గర పోసిన. ఆడ చిక్కగున్నరు."

చందనకు కోపం రావాలి. వచ్చింది కూడా, గొంతు దాకా. కానీ నోరు తెరిస్తే బయటికి వచ్చింది నవ్వు. ఒకరు ప్రేమతో పాలు పోశారు, ఇంకొకరు తెలివితో పొయ్యి వెలిగించారు. ఇద్దరూ కలిసి ఊళ్లో ఎవరూ చేయనంత పెద్ద జున్ను చేశారు. ఆమె నవ్వుతూ నవ్వుతూ గట్టు మీద కూలబడింది. ఎందుకు నవ్వుతోందో అర్థం కాకపోయినా మర్యాద కోసం హన్మంతు కూడా నవ్వాడు. నవ్వి నవ్వి ఆమె కళ్లు తుడుచుకుంటుంటే, ఆ నీళ్లలో కొన్ని నవ్వువి కావని ఆయనకు అప్పుడు తెలిసింది.

"గురువారం ఎట్లన్నా? పూలవ్వ ముందు ఏం పట్టి తాగాలి?"

కంపెనీకి ఫోన్ చేస్తే, ప్రొటీన్‌ను కోసేసే ఎంజైమ్ పొడి ఒకటుందనీ, అది పుణె నుంచి రావడానికి పది రోజులు పడుతుందనీ, ఈలోపు మెంబ్రేన్ల మీద వేడినీళ్లు మాత్రం పోయొద్దనీ చెప్పారు. చందన "అయ్యో, ఎందుకు పోస్తామండీ" అని ఫోన్ పెట్టేసింది.

ప్రొటీన్‌ను కోసేది. ఆ మాట పట్టుకుని ఆమె ఆవరణలో అటూ ఇటూ తిరిగింది. ప్రొటీన్ అంటే పాలలో ఉండేది, గుడ్డులో ఉండేది, మాంసంలో ఉండేది. మాంసం అనుకోగానే నాన్న గుర్తొచ్చాడు. ఇంట్లో ఆదివారం మటన్ వండే వంతు ఆయనదే. ముదురు మాంసం తెచ్చిన రోజల్లా చిన్న పచ్చి బొప్పాయి ముక్క నూరి పట్టించి, "ఇంక చూడు, నోట్లో పెట్టుకుంటే ఆనవాలు దొరకదు" అనేవాడు. చందన నడక ఆగిపోయింది. పచ్చి బొప్పాయి పాలలో ఉండేది అదే ఎంజైమ్. పుణెలో డబ్బాకెక్కింది, ఇక్కడ చెట్టుకు కాసింది.

డెయిరీ గోడ పక్కనే ఒక బొప్పాయి చెట్టుంది. హన్మంతు కాయ తెంపాడు, చందన గోటితో గీరింది. కారిన తెల్లటి పాలను అమ్మ చేసిన జున్ను మీద పోసి కలిపి, గిన్నెను బాయిలర్ పక్కన వెచ్చగా పెట్టింది. ఇద్దరూ పహారా కాశారు. మధ్యలో హన్మంతు చాయ్ తెచ్చాడు. అది తాగి, ఇంకోటి కూడా తాగి చూసేసరికి జున్ను అంచులు కరిగి, ముక్క కుంగి, చివరికి గిన్నెలో పల్చటి పాలనీళ్లు మిగిలాయి.

"అయ్యో, గింత మంచి జున్ను ఆగమాయె" అన్నాడు హన్మంతు ప్రాణం ఉసూరుమంటూ.

చందన అప్పటికే గెంతుతోంది. "అన్నా, రేపు పొద్దున వ్యాను తీసుకెళ్లు. పచ్చి బొప్పాయిలు ఎక్కడ ఎన్ని దొరికితే అన్నీ పట్రా!"

ఆమె చేసిన రెండో తప్పు ఇది. ఎందుకో చెప్పి పంపలేదు.

బుధవారం పొద్దున్నే హన్మంతు డెయిరీ వ్యానేసుకుని బయలుదేరాడు. మార్కెట్లో అడిగాడు, నస్రుల్లాబాద్ వెళ్లాడు, బీర్కూర్ బస్సు ఆగే చోట అడిగాడు. ఎక్కడికెళ్లినా ఒకటే మాట, "పచ్చి బొప్పాయిలు కావాలె, ఎన్నున్నా సరే, డెయిరీకి, రేపటికి." విన్నవాళ్లు వేరే ఏమీ అడగక్కర్లేకపోయింది. పచ్చి బొప్పాయి దేంట్లో వేస్తారో ఇక్కడ పసిపిల్లనడిగినా చెబుతుంది. మటన్‌కు వేలెడు ముక్క చాలు. అలాంటిది వ్యాను నిండా కొంటున్నారంటే ఎన్ని మేకలు తెగాలి? వినేవాళ్లు మనసులోనే లెక్కలేసుకున్నారు. వ్యాను బాన్సువాడ చేరకముందే దావత్ కబురు చేరింది.

మధ్యాహ్నానికి గోపీచంద్ రొప్పుకుంటూ ప్లాంటు దగ్గరికొచ్చాడు.

"అమ్మా చందనా, మటన్ షాపు ఆయన ఫోన్ చేశాడు. ఆర్డరు తనకే ఇవ్వాలంట. ఎందుకయ్యా అంటే నవ్వుతున్నాడు. షామియానా వాడు వచ్చి ఆవరణ కొలుచుకుంటున్నాడు. మహమ్మద్ నగర్ నుంచి మా బావమరిది ఫోన్ చేసి, ఊరందరినీ పిలిచి నన్ను మర్చిపోయావా అని ఏడుస్తున్నాడు. ఎవరు పెడుతున్నారమ్మా ఈ దావత్?"

"మీరే బాబాయ్" అంది చందన. ఆమె చేతులు మోచేతుల దాకా బొప్పాయి పాలతో జిగటగా ఉన్నాయి.

గోపీచంద్ చుట్టూ చూశాడు. పాలు కొలిచేవాళ్లూ క్యాన్లు కడిగేవాళ్లూ అందరూ గుండ్రంగా కూర్చుని కాయలు తురుముతున్నారు. ఒకడు చేతులు గోక్కుంటున్నాడు, ఇంకొకడు వాణ్ని చూసి నవ్వుతూ తను కూడా గోక్కుంటున్నాడు. పనీర్ పిండే గుడ్డల్లో ఆ తురుము వేసి పిండుతుంటే, కింద బకెట్లలోకి పచ్చటి రసం దిగుతోంది. ఆయన ఏదో అడగబోయి, జవాబు వినే ధైర్యం లేక వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఈసారి ట్యాంకు వెనక్కి కూడా కాదు, నేరుగా ఇంటికే.

రసాన్ని ఇంకో గుడ్డలో వడకట్టి, గోరువెచ్చని నీళ్లలో కలిపారు. ఈసారి నీళ్లు నిజంగా గోరువెచ్చగానే ఉన్నాయో లేదో చందన మోచెయ్యి ముంచి మరీ చూసుకుంది, చంటిపిల్లకు స్నానం చేయించే తల్లిలా. మెంబ్రేన్ల కట్టల్ని అందులో ముంచి ఉంచారు. సాయంత్రానికి నీళ్లు తెల్లబడ్డాయి. పైకి లాగి చూస్తే, ముద్దగా పట్టిన జున్ను పొరలు పొరలుగా జారిపోతూ సేమ్యాలు ఒక్కొక్కటీ విడివడ్డాయి. మంచినీళ్లతో కడిగి, మళ్లీ ముంచి, మళ్లీ కడిగి, ఆఖరున తొట్టిలో దించారు. పంపు వేయగానే ముల్లు ఎర్రగీత ఇవతలికి వచ్చి, నెమ్మదిగా పచ్చగీత మీద కూర్చుంది. పైపులోంచి బొటనవేలంత ధార దబదబా పడింది.

చందన హన్మంతు చేతులు పట్టుకుని గిరగిరా తిప్పింది. ఆయన మీసం గాలికి లేచింది. పెద్ద తొట్టి వైపు తిరిగి, "ఏం ఫికర్ లేదురా, మీ సేమ్యాలు మంచిగైనయి" అని చెప్పాడు.

ఇక మిగిలింది దావత్. ఆ సంగతి నాగేంద్రమ్మ తేల్చేసింది. రాబోయే జనానికి మటన్ పెట్టలేమని కూతురు చెబితే, "మటన్ లేకపోతే లేదు. వచ్చిన వాళ్లను వట్టి నోటితో ఎలా పంపుతాం? ఆ హన్మంతుకు రోజూ వచ్చే జున్నుపాలు ఏవీ?" అంది. గురువారం తెల్లారాక రైతులు తెచ్చిన జున్నుపాలలో ఈసారి ఒక్క చుక్క కూడా ప్లాంటులో పడలేదు. నాగేంద్రమ్మ బెల్లం, మిరియాలు, ఏలకులతో దిగింది. పళ్లేలన్నీ బాయిలర్ ఆవిరి మీద పెట్టించింది. వేడి ఈసారి తగలాల్సిన చోట తగిలింది.

గురువారం జనం విరగబడి వచ్చారు. పట్టుచీరలు, ఇస్త్రీ చొక్కాలు. కొందరు ముందుజాగ్రత్తగా ఇంటికి తీసుకెళ్లడానికి టిఫిన్ డబ్బాలు కూడా తెచ్చుకున్నారు. గోపీచంద్‌ను ఇంటి నుంచి ఇద్దరు పట్టుకొచ్చారు. ఆయన అందరికీ దండాలు పెడుతూ, ఎవరైనా గట్టిగా గాలి పీల్చి మసాలా వాసన వెతికినప్పుడల్లా తల వంచుకుంటున్నాడు.

పూలమ్మ వచ్చేసరికి జనం పక్కకు తప్పుకున్నారు. ఆమె ఒక్కతే రాలేదు. ఒక చేతిలో తాళంకప్ప, ఇంకో చేతిలో పలుపు, ఆ పలుపు చివర బర్రె.

చందన గాజు గ్లాసును పైపు కింద పట్టింది. నీళ్లు తేటగా ఉన్నాయి. గ్లాసు ఎత్తింది.

"ఆగు" అంది పూలమ్మ. "నువ్వు తాగుతవని నాకెర్కనే. మొండిదానివి, వాసనొచ్చినా ముక్కు మూసుకొని తాగుతవు. నా బర్రె గట్ల కాదు. నా బాయి నీళ్లు చెడిపోయినయని ముందుగాల దానికే తెల్సింది. మూతి పెట్టలే. ఇయ్యాల కూడ అదే చెప్తది."

ఎవరో బకెట్ తెచ్చారు. హన్మంతు పైపు కింద పెట్టి నింపాడు.  బర్రె ముందుకొచ్చి బకెట్‌లో మూతి పెట్టబోయి, గట్టిగా ఊపిరి వదిలి, తల పైకెత్తింది. జనాన్ని చూసింది. గోపీచంద్‌ను కాసేపు ఎక్కువగా చూసింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. చందన చేతిలో గ్లాసు అలాగే ఉంది. ఆ క్షణంలో ఆమెకు ప్లాంటు గుర్తు లేదు, చదువు గుర్తు లేదు. ఆ నల్లటి మూతి కిందికి వంగితే చాలు, ఇంకేమీ వద్దనుకుంది.

"జల్ది తాగమను అవ్వా" అన్నారెవరో వెనక నుంచి, దావత్ ఆలస్యమవుతోందని.

"దానికి లేని తొందర నీకెందుకురా?" అంది పూలమ్మ.

బర్రె మళ్లీ వంగింది. ఒక గుటక వేసింది. ఆగింది. తర్వాత మూతి బకెట్‌లో ముంచి, చివరిదాకా ఎత్తలేదు. అడుగున మిగిలిన నీళ్ల కోసం బకెట్‌ను నాకుతూ గేటు దాకా నెట్టుకుపోయింది. జనం ఈలలు వేశారు. చందన గ్లాసు ఒక్క గుక్కలో తాగేసింది. పొలమారింది, దగ్గుతూనే నవ్వింది.

"సేటూ, నువ్వు?" అంది పూలమ్మ.

గోపీచంద్ ఆముదం తాగే పిల్లాడిలా గ్లాసు అందుకుని, గుటక వేసి, ఒక కన్ను తెరిచి, "బాగున్నాయే!" అన్నాడు. ఈలలు ఇంకా పెరిగాయి.

"మరి మటన్?" అని అడిగాడు టిఫిన్ డబ్బా ఆయన.

చందన బల్ల ఎక్కి జరిగిందంతా చెప్పేసింది. హన్మంతు పోసిన ముర్రుపాలు, తను పోసిన వేడినీళ్లు, బొప్పాయిలు, ఏదీ దాచలేదు.  ముందు ఒక ముసలాయన కిసుక్కుమన్నాడు. అక్కడి నుంచి నవ్వు ఆవరణంతా పాకింది. హన్మంతు భుజం తట్టని వాళ్లు లేరు. ఈలోగా నాగేంద్రమ్మ పళ్లేల మూతలు తీసింది. మటన్ కోసం వచ్చిన జనం జున్ను తిన్నారు, అడిగి మళ్లీ పెట్టించుకున్నారు, డబ్బాల్లో నింపుకున్నారు.

పూలమ్మ మాత్రం ముట్టలేదు. చందన పళ్లెం పట్టుకుని వెతికేసరికి ఆమె బర్రెను తోలుకుని వెళ్లిపోతోంది. నవ్వుల మధ్య నిలబడ్డ చందన ముఖం చిన్నబోయింది. నీళ్లు మంచివయ్యాయి. మనోళ్లు కావడానికి అది చాలలేదేమో అనుకుంది.

జనం సద్దుమణిగాక పూలమ్మ మళ్లీ వచ్చింది. చేతిలో గిన్నె, పైన మోదుగాకు మూత.

"మా బర్రెవి. ఆఖరు జున్నుపాలు. పల్చగనే ఉంటయి గని జున్ను అయితది" అని చందన చేతుల్లో పెట్టింది. "గిన్నె ఉత్తగ పంపొద్దు, తెల్సు గదా?"

తెలుసు. పక్కింటి గిన్నె ఎవరూ ఖాళీగా తిప్పి పంపరు. చందన కళ్లు నిండిపోయాయి. పాలు వేరే గిన్నెలోకి ఒంపి, పూలమ్మ గిన్నెలో ఏం పెట్టాలా అని చుట్టూ చూసింది. బియ్యం లేవు, బెల్లం అయిపోయింది, జున్ను పళ్లేలు జనం గోకిన గోకుడుకు తళతళలాడుతున్నాయి. అప్పుడు పైపు దగ్గరికి వెళ్లి గిన్నె నింపి, రెండు చేతులతో తెచ్చి ఇచ్చింది.

పూలమ్మ గిన్నెలోకి చూసింది.  తర్వాత కొంగులోంచి తాళంకప్ప తీసి హన్మంతు చేతిలో పెట్టింది. "గీ గేటుకు ఇంక గిది అక్కర లేదు. నీ జున్నుపాల క్యాన్లకు ఏసుకో. తాళంచెవి మాత్రం పిల్ల దగ్గర పెట్టు."

"గట్లనే అవ్వా" అన్నాడు హన్మంతు సిగ్గుపడుతూ. అని ఊరుకోకుండా చందన చేతిలోని పాలవైపు చూసి, "మేడం, పిల్లలకు ఒక్క చెంచెడు…" అన్నాడు.

"హన్మంతన్నా!"

పూలమ్మ నవ్వింది. చందన ఆమె నవ్వగా చూడటం అదే మొదటిసారి. గిన్నె తొణకకుండా పట్టుకుని ఆమె గోడ చుట్టూ తిరిగి తన బావి దగ్గరికి వెళ్లింది. చందన గోడ మీంచి తొంగి చూస్తూనే ఉంది. పూలమ్మ గట్టు మీదికి వంగి, గిన్నెలోని నీళ్లు సన్నగా బావిలోకి ఒంపింది.

"తీస్కో" అంది బావితో. "మనోళ్లు పంపిండ్రు."